గట్లు చెరిగిన డిస్కు

మా బడి ఆవరణలో, ప్రహరీ గోడకి దూరంగా, చెట్టు నీడ పడని చోట ఒక వర్షమాపకం ఉంది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు వెళ్ళి, అందులో నిలిచిన నీటిని కొలజాడీలో పోసి చూస్తారు. ఆ పక్కనే ఉన్న ఉష్ణమాపకాల్లో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు కూడా చూస్తారు. ఏటేటా పిల్లలు మారతారు కాని లెక్క మాత్రం ఆగదు. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి అది తొమ్మిదేళ్ళ లెక్క. మొదటి నాలుగేళ్ళూ నోటు పుస్తకాల్లో రాశాం. బడికి కంప్యూటరు వచ్చాక తిన్నగా అందులోనే ఎక్కించటం మొదలుపెట్టాం. పుస్తకంలో రాయటం మానేశాం.

ఒక వేసవి సెలవులయ్యాక బడి తెరిచి మీట నొక్కితే ఆ కంప్యూటరు లేవలేదు. నల్లటి తెర మీద, ఆపరేటింగ్ సిస్టం దొరకటం లేదని ఒక వాక్యం వచ్చి ఆగిపోయింది. దాన్ని మళ్ళీ లేపటానికి కూర్చున్నది నేనే. అరగంట తిరక్కుండా అయిదేళ్ళ వాననీ మాయం చేశాను.

ఎలా మాయం చేశానో, ఆ వాన మళ్ళీ ఎలా దొరికిందో చెబుతాను. కాని అది అర్థం కావాలంటే డిస్కు లోపల ఏముంటుందో ముందు తెలియాలి.

డిస్కు అనగానే మనకి బీరువా గుర్తొస్తుంది. పై అరలో పాటలు, కింది అరలో ఫొటోలు, సొరుగులో లెక్కలు ఉన్నట్టు ఊహించుకుంటాం. నిజానికి డిస్కులో అరలూ లేవు, సొరుగులూ లేవు. ఉన్నవల్లా గళ్ళు. ఒకదాని పక్కన ఒకటి, బారుగా. ప్రతి గడికీ ఒక నంబరు. మొదటి గడి నంబరు 0, రెండోదాని నంబరు 1, అలా చివరిదాకా. ఒక్కొక్క గడిలో 512 బైట్లు పడతాయి. ఒక బైటు అంటే ఒక ఇంగ్లీషు అక్షరం పట్టేంత చోటు. ఈ గడినే సెక్టారు అంటారు. మా బడి కంప్యూటరులో ఉన్నది 500 గిగాబైట్ల డిస్కు. అందులో సెక్టార్లు సరిగ్గా 97 కోట్ల 67 లక్షల 73 వేల 168. దీన్ని 512 పెట్టి గుణించి చూడండి, 50 వేల కోట్లకి కొంచెం పైన వస్తుంది.

డిస్కుకి తెలిసిన పనులు రెండే. ఫలానా నంబరు గడిలో ఉన్నది చదివి ఇవ్వటం, ఫలానా నంబరు గడిలో ఇచ్చింది రాయటం. ఆ గడిలో ఉన్నది వాన లెక్కా, సినిమా పాటా అన్నది దానికి పట్టదు. ఇంకా చెప్పాలంటే, అది ఖాళీ గడో కాదో కూడా దానికి తెలియదు.

వరి పండే ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పెద్ద వరద వచ్చి పోయాక పొలాలు ఎలా ఉంటాయో చూశారా? గట్లన్నీ కొట్టుకుపోయి, ఎవరి చేను ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియని బురద మైదానంలా ఉంటాయి. నారు సిద్ధంగా ఉంది కదా అని ఎవరూ వెంటనే నాట్లు వేయరు. ముందు సర్వే రాళ్ళు వెతుకుతారు. కొలతలు చూసుకుని గట్లు వేస్తారు. ఆ తరవాతే నాట్లు. గట్లు లేని డిస్కు కూడా అలాంటి మైదానమే. చచ్చిపోయిన కంప్యూటరుని మళ్ళీ లేపటంలో మొదటి పని ఈ గట్లు సరిగ్గా వేసుకోవటం. ఫైళ్ళు నింపటం తరవాతి మాట.

మొదట్లో డిస్కులకి గట్ల అవసరం అంతగా లేదు. 1956లో ఐ.బి.ఎం. కంపెనీ రామాక్ 305 అనే కంప్యూటరుతో పాటు మొట్టమొదటి డిస్కుని అమ్మకానికి తెచ్చింది. 24 అంగుళాల వెడల్పున్న పళ్ళేలు 50, ఒకదాని మీద ఒకటి, గిరగిరా తిరుగుతూ ఉండేవి. ఇంత యంత్రంలోనూ పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇవాళ ఫోనుతో తీసిన ఫొటో ఒకటో రెండో పెడితే నిండిపోతుంది. 1983లో అదే కంపెనీ పి.సి. ఎక్స్.టి. అనే చిన్న కంప్యూటరులో 10 మెగాబైట్ల డిస్కు పెట్టింది. ఆ డిస్కుని ఒకటి కంటే ఎక్కువ ఆపరేటింగ్ సిస్టంలు పంచుకోవలసి వస్తే ఎలా అన్న ఆలోచన అప్పుడు వచ్చింది. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు డిస్కుని ముక్కలు చేసి, ఎవరి ముక్క ఎక్కడ మొదలవుతుందో రాసి పెట్టుకోవాలి. ఆ రాసిన చోటు 0 నంబరు గడి.

ఆ ఒక్క గడిలో ఏముందో చూస్తే మీకు ముచ్చటేస్తుంది. మొత్తం 512 బైట్లు కదా. మొదటి 446 బైట్లలో కంప్యూటరుని నిద్ర లేపే చిన్న ప్రోగ్రాము ఉంటుంది. చివరి 2 బైట్లు ముద్ర లాంటివి. ఆ రెండిట్లో 85, 170 అనే సంఖ్యలు ఉండాలి. వీటిని ద్విసంఖ్యామానంలో రాస్తే 01010101, 10101010 వస్తాయి. ఒకదానిలో సున్నా ఉన్నచోట రెండోదానిలో ఒకటి ఉంది, చూశారా? ఈ ముద్ర కనబడకపోతే ఆ గడిని కంప్యూటరు నమ్మదు. ఇక మిగిలింది 64 బైట్లు. అదే విభజన పట్టిక. అందులో 16 బైట్ల వరసలు నాలుగు. ఒక్కొక్క వరస ఒక్కొక్క ముక్క సంగతి చెబుతుంది. ముక్క ఏ గడి దగ్గర మొదలవుతుందో చెప్పటానికి 4 బైట్లు, ఎన్ని గళ్ళ పొడుగో చెప్పటానికి 4 బైట్లు, అది ఏ జాతి ముక్కో చెప్పటానికి 1 బైటు, కంప్యూటరు లేచేటప్పుడు చూడవలసిన ముక్క ఇదేనా కాదా అని చెప్పటానికి 1 బైటు. తక్కిన 6 బైట్లూ పాతకాలపు లెక్కకి సంబంధించినవి.

ఈ ముక్కనే పార్టిషన్ అంటారు. గట్టు వేశాం, మడి తయారైంది. అయినా అప్పుడే ఫైళ్ళు పెట్టటానికి పనికి రాదు. ఏ ఫైలు ఏయే గళ్ళలో ఉంది, ఏ గళ్ళు ఖాళీగా ఉన్నాయి అన్నది రాసుకోవటానికి మడి లోపల ఇంకొక చిట్టా కావాలి. ఆ చిట్టాని తయారుచేయటమే ఫార్మాట్ చేయటం. గట్టూ, చిట్టా రెండూ ఉండి, సి అనో డి అనో పేరు పెట్టి పిలవటానికి వీలైన మడిని వాల్యూమ్ అంటారు. (ఈ మాటకి పుస్తకాల్లో ఘనపరిమాణం అనే అర్థం చెప్పుకుంటాం. ఇక్కడ ఆ అర్థం కాదు. పెద్ద గ్రంథాన్ని సంపుటాలుగా విడదీస్తారే, ఆ సంపుటం లాంటిదన్నమాట.)

ఒక సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. మామూలుగా మనం చేసే ఫార్మాట్‌లో గళ్ళలో ఉన్నది తుడిచిపెట్టుకుపోదు. పాత చిట్టా బదులు ఖాళీ చిట్టా ఒకటి వస్తుంది, అంతే. పార్టిషన్‌ని చెరిపినప్పుడూ దాదాపు ఇంతే. పట్టికలో 16 బైట్ల వరస ఒకటి పోతుంది. గట్టు పోయింది కాని పంట అక్కడే ఉంది.

ఇక నా నిర్వాకం.

మా కంప్యూటరు డిస్కులో మూడు ముక్కలు ఉన్నాయి. రోజూ చూసేవాళ్ళకి రెండే కనబడతాయి, సి, డి. సి లో విండోస్, డి లో బడి ఫైళ్ళు. సి ని ఖాళీ చేసి విండోస్ మళ్ళీ ఎక్కించాలనీ, డి జోలికి పోకూడదనీ నాకు బాగా తెలుసు. తెలిసే మొదలుపెట్టాను. పెన్‌డ్రైవు పెట్టి లేపితే, విండోస్ ఎక్కడ పెట్టమంటావు అని అడుగుతూ ఒక జాబితా వచ్చింది. అందులో సి లేదు, డి లేదు! ఆ అక్షరాలు పెట్టేది విండోస్. ఆ విండోసే ఇంకా లేదు కదా. ఉన్నవి ఒకటి, రెండు, మూడు అన్న నంబర్లు. ఒకటో ముక్క 100 మెగాబైట్లు. దాన్ని నేను అంతవరకూ ఎన్నడూ చూడలేదు. రెండోది 146 గిగాబైట్లు, దానికి పేరు లేదు. మూడోది 319 గిగాబైట్లు, దాని పక్కన 'న్యూ వాల్యూమ్' అని రాసి ఉంది.

కొత్తగా పెట్టేది కొత్తదాంట్లోనే కదా అనుకున్నాను. మూడోదాన్ని ఎంచుకున్నాను. డిలీట్ నొక్కాను. అన్నీ పోతాయి సుమా అని అది హెచ్చరించింది కూడా. సరేనన్నాను.

నా వెనక నిలబడి చూస్తున్న కుర్రాడొకడు, "సార్, డి నే కదండీ పెద్దది? మన వాన లెక్కలు డి లో కదా ఉన్నాయి?" అన్నాడు.

జాబితాలో మూడో ముక్క ఉన్నచోట, ఎవరికీ చెందని ఖాళీ చోటు 319 గిగాబైట్లు అని కనబడుతోంది. డిస్కుని మొదట విభజించినప్పుడు డి కి పేరు పెట్టే చోట ఏమీ రాయకుండా వదిలేశాం. ఏమీ రాయకపోతే విండోస్ తనంతట తాను పెట్టే పేరే 'న్యూ వాల్యూమ్'. అయిదేళ్ళ పాత మడికి 'కొత్త మడి' అని పేరన్నమాట!

అప్పుడు నేను చేసిన ఒకే ఒక్క మంచి పని, ఇంకేమీ చేయకపోవటం. కరెంటు తీసేశాను. మా దగ్గర చదువుకుని, ఇప్పుడు పక్క ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతున్న అబ్బాయికి ఫోను చేశాను.

"డిలీట్ చేశాక ఇంకేమైనా నొక్కారా మాస్టారూ?" అన్నాడు.

"లేదురా నాయనా."

"అయితే భయం లేదు. నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోకండి."

అతను వచ్చి డిస్కుని విప్పి తన కంప్యూటరుకి తగిలించాడు. టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాముని నడిపాడు. ఫ్రాన్సుకి చెందిన క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఆయన దాన్ని రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ఇచ్చాడు. ఆ ప్రోగ్రాము చేసే పని వరద తరవాత సర్వే రాళ్ళు వెతకటం లాంటిదే. విండోస్ మామూలుగా వాడే ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో, ప్రతి వాల్యూమ్ మొదటి గడిలోనూ ఆ నాలుగు అక్షరాలూ ఒక నిర్ణీత స్థానంలో ఉంటాయి. ఆ వాల్యూమ్ ఎంత పొడుగో కూడా ఆ గడిలోనే ఉంటుంది. మొదటి గడి చెడిపోతే ఎలా? అందుకని దాని నకలు ఒకటి వాల్యూమ్ చివరి గడిలో పెడతారు. చేనుకి రెండు కొసలా రెండు రాళ్ళన్నమాట. పట్టికలో ఏముందన్న ఊసు లేకుండా ప్రోగ్రాము డిస్కంతా గాలించి ఆ రాళ్ళని పట్టుకుంది. మొదలు దొరికింది, పొడుగు దొరికింది. పోయిన 16 బైట్లనీ మళ్ళీ తయారుచేసి 0 నంబరు గడిలో రాసింది. డి లేచి కూర్చుంది. అయిదేళ్ళ వానా చెక్కుచెదరలేదు.

"ఇంకొక్క నిమిషం ఆగకుండా విండోస్ ఎక్కించి ఉంటే?" అని అడిగాను. "ఆ ఇరవై గిగాబైట్లూ మీ లెక్కల నెత్తిన పడేవి. అప్పుడు రాళ్ళు దొరికినా చేను దొరకదు," అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. మా డిస్కు పళ్ళెం తిరిగే పాత రకం. ఇప్పుడు వస్తున్న ఎస్.ఎస్.డి. లలో పళ్ళేలు ఉండవు. ఏవైనా గళ్ళు ఇక అక్కర్లేదని ఆపరేటింగ్ సిస్టం దానికి కబురు పంపితే, అది ఆ గళ్ళని తీరిక చూసుకుని నిజంగానే ఖాళీ చేసేసుకుంటుంది. అలాంటిచోట ఈ అదృష్టాన్ని నమ్ముకోవటానికి వీల్లేదు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. డి ని వేరే డిస్కులోకి నకలు తీసి ఇచ్చి ఆ అబ్బాయి వెళ్ళిపోయాడు. ఈసారి నేను జాగ్రత్తగా రెండో ముక్కని ఎంచుకుని, ఫార్మాట్ చేసి, విండోస్ ఎక్కించాను. మనవన్నీ డి లోనే ఉన్నాయి కదా అన్న ధీమా. మర్నాడు పదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, "సార్, నా బావుల ప్రాజెక్టు కనబడటం లేదు," అంది. వాళ్ళ వీధిలో ఉన్న బావుల్లో నీటి మట్టాన్ని మూడు నెలల పాటు కొలిచి పట్టికలూ గ్రాఫులూ తయారుచేసింది. "ఎక్కడ పెట్టావమ్మా?" అంటే, "తెర మీదే పెట్టాను సార్, తెరవగానే కనబడేలా," అంది. తెర మీద కనబడేదంతా డెస్క్‌టాప్ అనే ఫోల్డరులో ఉంటుంది. ఆ ఫోల్డరు ఉండేది సి లో. ఆ సంగతి నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు, నాకూ ఆ క్షణందాకా తట్టలేదు. దాని మీద అప్పటికే విండోస్ పరుచుకుని కూర్చుంది. చిత్తు పుస్తకంలో కొలతలు ఉండబట్టి ఆ అమ్మాయి పట్టికలన్నీ మళ్ళీ ఎక్కించి, గ్రాఫులన్నీ మళ్ళీ గీసింది. పదకొండు రోజులు పట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు.

ఇలాంటి పొరపాటు సైన్సు మాస్టార్లకే పరిమితం అనుకోకండి. గిట్‌ల్యాబ్ అని ఒక కంపెనీ ఉంది. ప్రపంచం నలుమూలలా ప్రోగ్రాములు రాసేవాళ్ళు తమ పనిని అక్కడ దాచుకుంటారు. 2017 జనవరి 31న ఆ కంపెనీ ఇంజనీరు ఒకాయన, రెండు కంప్యూటర్లలో ఒకదాని డేటా ఫోల్డరుని ఖాళీ చేయబోయి రెండోదానిది చెరిపేశాడు. ఆ రెండోది అసలుది! ఒకటి రెండు సెకన్లలో తెలుసుకుని ఆపాడు. అప్పటికి దాదాపు 300 గిగాబైట్లలో నాలుగున్నర మిగిలింది. రోజూ తీస్తున్నామనుకున్న నకలు చూస్తే, అది ఎప్పటినుంచో విఫలమవుతోంది. విఫలమైనట్టు తెలిపే ఉత్తరాలు కూడా అందటం లేదు.

వాళ్ళని కాపాడింది ఒక వాల్యూమ్ తమాషా. పెద్ద కంప్యూటర్లలో ఒక్కొక్కచోట డిస్కు మీద తిన్నగా గట్లు వేయరు. రెండు మూడు డిస్కులని కలిపి ఒకే ఖాతాగా చేసుకుని, అందులోంచి కావలసినంత ముక్క కోసుకుంటారు. అవసరమైతే ముక్కని తరవాత పెంచుకోవచ్చు కూడా. ఇలాంటి వాల్యూమ్‌కి ఏ క్షణంలోనైనా 'స్నాప్‌షాట్' తీయవచ్చు. అంటే అన్ని గళ్ళనీ అప్పటికప్పుడు నకలు చేయటం కాదు. ఆ క్షణం తరవాత ఏ గడిలోనైనా కొత్తది రాయవలసి వస్తే, అందులో ఉన్న పాతదాన్ని ముందు తీసి పక్కన దాస్తారు. మారని గళ్ళు ఎలాగూ ఉన్నచోటే ఉంటాయి. రెండూ కలిపి చూస్తే ఆ క్షణం నాటి డిస్కు కళ్ళకి కట్టినట్టు కనబడుతుంది. ప్రమాదానికి సుమారు ఆరు గంటల ముందు, వేరే పని కోసం, అలాంటి స్నాప్‌షాట్ ఒకటి తీశారు. దాని సాయంతో అంతా నిలబెట్టారు, ఆ ఆరు గంటలు తప్ప. అయితే ఆ నకలు ఉన్నది చవకగా దొరికే నిదానపు డిస్కుల మీద. తిరిగి తెచ్చుకోవటానికి దాదాపు 18 గంటలు పట్టింది. నకలు ఉండటమే కాదు, అది ఎలాంటి వాల్యూమ్ మీద ఉందో కూడా లెక్కలోకి వస్తుందని వాళ్ళకి ఆ రోజు తెలిసింది. ఆ కంపెనీలో నాకు నచ్చిన గుణం ఒకటుంది. జరిగిందంతా దాచకుండా రాసి అందరికీ చూపించారు. ఈ వ్యాసం రాయటానికి నాకు ధైర్యం వచ్చింది కూడా అందువల్లే.

ఆ ఏడాదే డిసెంబరులో, అంటే మా బడి సంగతి, డిస్కు టకటకా చప్పుడు చేయటం మొదలుపెట్టింది. మా అబ్బాయి (దుకాణం అబ్బాయి, మా ఇంటి అబ్బాయి కాదు) 480 గిగాబైట్ల ఎస్.ఎస్.డి. ఒకటి తెచ్చాడు. "ఉన్నది ఉన్నట్టుగా దీంట్లోకి దించేస్తే పోలా?" అన్నాను. నవ్వాడు. పాత డిస్కులో గళ్ళు 97 కోట్ల 67 లక్షల పైచిలుకు అని చెప్పాను కదా. కొత్తదాంట్లో 93 కోట్ల 77 లక్షల 3 వేల 88 మాత్రమే. మేము వాడుకున్నది 70 గిగాబైట్లు కూడా లేకపోవచ్చు. కాని మూడో ముక్క గట్టు పాత డిస్కు చివరిదాకా ఉంది. గడికి గడి దించుకుంటూ పోతే ఆఖరి నాలుగు కోట్ల గళ్ళకి చోటే లేదు! పంట తక్కువైనా గట్టు పెద్దది. అందుకని కొత్త డిస్కు మీద కొత్త గట్లు వేసి, ఫైళ్ళని మాత్రం మోసుకురావాలి.

ఈసారి అతను డిస్కు ముట్టుకోకముందు నా చేత కాగితం తీయించాడు.

మొదట పట్టిక ఏ రకమో తేల్చాం. పాత రకం పట్టికలో ముక్క పొడుగు చెప్పటానికి 4 బైట్లు, అంటే 32 ద్విసంఖ్యా స్థానాలు. 2ని 32 సార్లు గుణిస్తే 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. అంతకంటే పెద్ద సంఖ్య ఆ చోట పట్టదు. దాన్ని 512 చేత గుణిస్తే సుమారు 2.2 లక్షల కోట్ల బైట్లు. అంటే 3 టెరాబైట్ల డిస్కు కొని, దాని మీద ఈ పాత పట్టికే రాస్తే, దాదాపు 800 గిగాబైట్లు కళ్ళెదుట ఉండి కూడా అందవు. అందుకే ఇప్పటి కంప్యూటర్లలో జి.పి.టి. అనే కొత్త పట్టిక వాడుతున్నారు. అందులో గడి నంబరుకి 8 బైట్లు. వరసలు నాలుగు కాదు, మామూలుగా 128. ఇంకా మంచి సంగతి, ఆ పట్టిక నకలు డిస్కు చివర ఇంకొకటి ఉంటుంది. మా కంప్యూటరు పాతది, డిస్కు చిన్నది కాబట్టి పాత పట్టికతోనే సరిపెట్టుకున్నాం.

తరవాత మొదటి గట్టు ఎక్కడ వేయాలన్న ప్రశ్న. ఇందులో చిన్న లెక్క ఉంది, మీరూ చేయండి. పూర్వం మొదటి ముక్కని 63వ నంబరు గడి దగ్గర మొదలుపెట్టేవారు. ఇప్పటి డిస్కుల్లో చాలావాటికి లోపలి గడి 512 బైట్లు కాదు, 4096. పైకి మాత్రం పాత పద్ధతిలో 512 చొప్పున లెక్క చెబుతాయి. 63ని 512తో గుణిస్తే 32,256. దీన్ని 4096 పెట్టి భాగిస్తే 7.875. పూర్ణసంఖ్య రాలేదు. అంటే మన గట్టు లోపలి పెద్ద గడి మధ్యలోంచి పోతోందన్నమాట. దానివల్ల 4096 బైట్లు రాయవలసి వచ్చిన ప్రతిసారీ రెండేసి పెద్ద గళ్ళని కదిలించాలి. కంప్యూటరు కొత్తదైనా నత్తనడక నడుస్తుంది. ఇప్పుడు 2048వ గడి దగ్గర మొదలుపెడుతున్నారు. 2048ని 512తో గుణించి 4096తో భాగిస్తే సరిగ్గా 256. పాత కంప్యూటరు నకలుని కొలతలు చూడకుండా కొత్త డిస్కులోకి దించినవాళ్ళు, డిస్కు మంచిది కాదని దుకాణం మీద పోట్లాడటం అతను చాలాసార్లు చూశాడట.

నేను అంతకుముందు ఎన్నడూ చూడని ఆ 100 మెగాబైట్ల చిన్న ముక్క సంగతి కూడా అప్పుడే తెలిసింది. కంప్యూటరు లేచేటప్పుడు మొదట చూసేది దాన్నే. విండోస్ ఎక్కడుందో దారి చెప్పేది అదే. సి ఒక్కదాన్నీ భద్రంగా తెచ్చి, చిన్నదే కదా అని దీన్ని వదిలేస్తే కంప్యూటరు లేవదు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో ఇలాంటి చిక్కే ఇంకొక రూపంలో వస్తుంది. అక్కడ ప్రతి వాల్యూమ్‌కీ, ఫార్మాట్ చేసినప్పుడు, 32 గుర్తుల పొడుగాటి సంఖ్య ఒకటి పడుతుంది. ఏ వాల్యూమ్‌ని ఎక్కడ తగిలించాలో ఆ సంఖ్యలతోనే ఒక ఫైలులో రాసి ఉంటుంది. కొత్త డిస్కులో కొత్త వాల్యూమ్ చేశామంటే సంఖ్య మారుతుంది. ఫైలులో ఉన్నది మాత్రం పాత సంఖ్యే. ఫైళ్ళన్నీ ఒక్కటి పోకుండా వచ్చినా, కంప్యూటరు లేస్తూ లేస్తూ లేని వాల్యూమ్ కోసం ఎదురుచూస్తూ ఆగిపోతుంది. ఇల్లు మారి, ఉత్తరాల మీద పాత చిరునామా ఉంచినట్టు.

మీలో కొందరికి ఒక అనుమానం వచ్చే ఉంటుంది. 500 గిగాబైట్ల డిస్కు అన్నాను, మూడు ముక్కలూ కలిపితే 465 చిల్లరే వచ్చింది. తక్కింది ఎవరు తిన్నారు? ఎవరూ తినలేదు. తయారుచేసేవాళ్ళు 100 కోట్ల బైట్లని ఒక గిగాబైటు అంటారు. విండోస్ 1024ని మూడుసార్లు గుణిస్తే వచ్చే 107 కోట్ల 37 లక్షల 41 వేల 824ని గిగాబైటు అంటుంది. కొలపాత్ర మారింది, గింజలు మారలేదు. మీ ఇంట్లో 16 గిగాబైట్లని రాసి ఉన్న పెన్‌డ్రైవు ఉంటే కంప్యూటరుకి పెట్టి చూడండి. 14.9కి దగ్గర్లో ఏదో ఒక సంఖ్య కనబడుతుంది. గట్లు వేసేటప్పుడు ఎవరి కొలపాత్రతో కొలుస్తున్నామో చూసుకోకపోతే, సరిపోతుందనుకున్నది సరిపోదు.

చివరికి వాల్యూమ్‌కి పేరు పెట్టే చోటు వచ్చింది. మళ్ళీ అదే 'న్యూ వాల్యూమ్' కనబడుతోంది. ఆ అబ్బాయి నా వైపు చూశాడు. దాన్ని చెరిపి, ఇంగ్లీషు అక్షరాల్లో 'వాన' అని కొట్టాను. విండోస్ ఎక్కించేటప్పుడు వచ్చే జాబితాలో సి, డి అక్షరాలు కనబడకపోయినా ఈ పేరు కనబడుతుంది. డెస్క్‌టాప్ ఫోల్డరుని కూడా 'వాన' వాల్యూమ్‌లోకి మార్పించాను. ఏ ముక్క ఏ గడి దగ్గర మొదలవుతుంది, పొడుగెంత, పేరేమిటి అన్నది రాసిన కాగితాన్ని సైన్సు గది బీరువా తలుపుకి లోపలివైపు అంటించాం.

ఆ తరవాతి దసరా సెలవులకి ముందు, ఎనిమిదో తరగతి పిల్లలతో ఒక ప్రయోగం చేశాను. మూల పడేసిన పాత కంప్యూటరుని తెచ్చి, మా కంప్యూటరు చచ్చిపోయిందనుకుని, నకలుతో దీన్ని లేపండి అన్నాను. చేతిలో ఉన్నవి బీరువా తలుపు కాగితం, నకలు ఉన్న డిస్కు, అంతే. గంటా యాభై నిమిషాలు పట్టింది. కాగితం మీద ఒక అంకె నేను తప్పు రాశానని పిల్లలు పట్టుకున్నారు. జూలై నెల ఫైలు ఒకటి ఎంతకీ తెరుచుకోలేదు. దాన్ని ఎవరో తెరిచి ఉంచిన సమయంలో నకలు తీశామని తేలింది. జూలై అంకెలు కొత్తగా మొదలుపెట్టిన నోటు పుస్తకంలో ఉన్నాయి. ఒకడు చదువుతుంటే ఇంకొకతె ఎక్కించింది. ఈలోగా వర్షమాపకం దగ్గరికి పంపిన ఇద్దరూ తడుస్తూ వచ్చారు. ఆ రోజు 17.4 మిల్లీమీటర్లు.